చిన్న ఇంపోర్టర్లు కస్టమ్స్ పేపర్లను ఏఐతో చెక్ చేయించుకోవచ్చా?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్తాను. హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఎల్‌ఈడీ లైట్ల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒకరు అడిగారు. చైనా నుంచి ఏడాదికి పది పన్నెండు కంటైనర్లు తెప్పిస్తారట. పోయినసారి ప్యాకింగ్ లిస్టుకీ బిల్ ఆఫ్ లేడింగ్‌కీ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, బీఎల్ అంటాం) కార్టన్ల లెక్క కలవక సరుకు తొమ్మిది రోజులు ఆగిపోయింది. ఈ పేపర్లన్నీ ఏఐకి ఇచ్చి చెక్ చేయించుకోవచ్చా, అలా చేస్తే సీహెచ్‌ఏ (సరుకుని కస్టమ్స్‌లో విడిపించే ఏజెంటు, అంటే కస్టమ్స్ బ్రోకర్) అవసరం తగ్గుతుందా, ఒకాయన అమ్మజూపుతున్న ‘ఏఐ కస్టమ్స్ సాఫ్ట్‌వేర్’ తీసుకోవచ్చా అని మూడు సందేహాలు.

నేను విశాఖపట్నంలో ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా ఉన్నాను. బ్రోకర్ ఉద్యోగులకి కస్టమ్స్ ఇచ్చే జి కార్డుతో మొదలుపెట్టాను. గత రెండేళ్లుగా మా దగ్గరకొచ్చే పేపర్ల మీద ఏఐని వాడుతున్నాం. దానివల్ల బాగుపడిన సందర్భాలూ ఉన్నాయి, దెబ్బ తినబోయి ఆగిన సందర్భాలూ ఉన్నాయి.

సూటి జవాబు: చెక్ చేయించుకోవచ్చు, చేయించుకోండి కూడా. కానీ కాగితాలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా అన్నంతవరకే. కాగితంలో రాసిందే కంటైనర్‌లో ఉందా, ఆ వస్తువు డ్యూటీ పట్టికలో ఏ హెడింగ్ కిందకి వస్తుంది, చూపించిన ధర నిజమైన ధరేనా అన్నవి దాని చేత తేల్చే పనులు కావు. సీహెచ్‌ఏ సంగతంటారా, చట్టప్రకారం ఐస్‌గేట్ అనే కస్టమ్స్ పోర్టల్‌లో ఇంపోర్టర్ సొంతంగానే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి డిక్లరేషన్) వేసుకోవచ్చు, అది ఏఐ రాకముందు నుంచీ ఉన్నదే. అయినా చిన్నవాళ్లెవరూ ఎందుకు వేసుకోవడం లేదో కస్టమ్స్ ఆఫీసర్ నుంచి మొదటిసారి క్వెరీ వచ్చినప్పుడు తెలుస్తుంది. ఏఐ వల్ల సీహెచ్‌ఏ తగ్గడు. మీరు సీహెచ్‌ఏకి పంపే కాగితాల్లో తప్పులు తగ్గుతాయి.

ఎప్పుడు చెక్ చేయాలి అన్నది దేంతో చెక్ చేయాలి అన్నదానికంటే పెద్ద విషయం. చాలామంది ఓడ వచ్చేముందు అన్ని కాగితాలూ ఒకేసారి పంపిస్తారు. అప్పటికి తప్పు దొరికినా దిద్దడానికి డబ్బూ రోజులూ ఖర్చవుతాయి. బీఎల్ డ్రాఫ్ట్ వచ్చిన రోజే చెక్ చేయాలి. సప్లయర్ దాన్ని మీకు వీచాట్‌లోనో మెయిల్‌లోనో పంపి ‘కన్ఫర్మ్’ అంటాడు, మీరు షాపులో కస్టమర్ ముందు నిలబడి బొటనవేలు బొమ్మ పెట్టేస్తారు. తొమ్మిది రోజుల నష్టం అక్కడే మొదలైంది. డ్రాఫ్ట్ దశలో మార్పు అడిగితే ఒక మెయిల్‌తో పోతుంది. ఓడ బయల్దేరాక అయితే ఓడ కంపెనీకి అమెండ్‌మెంట్ చార్జీ కట్టాలి. ఇక్కడ ఐజీఎం (ఓడలో ఉన్న సరుకు జాబితా) ఫైలయ్యాక అయితే దాన్నీ సవరించాలి. ఈలోపు సీఎఫ్‌ఎస్‌లో (రేవు బయటి కంటైనర్ యార్డు) గ్రౌండ్ రెంట్ రూపాయల్లోనూ, ఓడ కంపెనీకి కట్టే కంటైనర్ డిటెన్షన్ డాలర్లలోనూ పెరుగుతూ పోతాయి.

ఇంకో గడువు కూడా గుర్తుంచుకోండి. 2021లో కస్టమ్స్ చట్టం సెక్షన్ 46 మారాక, ఓడ వచ్చే రోజుకి ముందు రోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ వేయాలి. సెలవు రోజైనా లెక్కలోకే వస్తుంది. శ్రీలంక, బంగ్లాదేశ్ లాంటి దగ్గరి దేశాల నుంచి వచ్చే సరుకుకి కొంచెం సడలింపు ఉంది, చైనాకి లేదు. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000 రూపాయలు, తర్వాత రోజుకి 10,000. చిన్న వ్యాపారికి ఒక కంటైనర్ మీద మిగిలేది ఎంతో మీకు తెలుసు.

రెండో మంచి సమయం చెక్‌లిస్ట్ వచ్చినప్పుడు. బిల్ ఆఫ్ ఎంట్రీ ఫైల్ చేసేముందు అందులో పెట్టబోయే వివరాలతో సీహెచ్‌ఏ మీకో చెక్‌లిస్ట్ పంపుతాడు కదా, నాలుగైదు పేజీల పీడీఎఫ్. దాన్ని పూర్తిగా చదివి ఓకే చెప్పే ఇంపోర్టర్‌ని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. మా వైపు పని చేసేది కుర్రాళ్లు, రాత్రి పదింటికి టైపు చేస్తారు, తప్పులు పడతాయి. ఇన్‌వాయిస్‌నీ చెక్‌లిస్ట్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చమంటే ఏఐకి అది రెండు నిమిషాల పని. మా తప్పు మీరు పట్టుకుంటే మాకేం కోపం రాదు. ఫైల్ అయ్యాక పట్టుకుంటేనే ఇద్దరికీ టెన్షన్.

ఇప్పుడు ఎలా చేయాలో చెప్తాను. ఇక్కడే అందరూ పొరపాటు పడేది.

అన్ని పీడీఎఫ్‌లూ ఒకేసారి ఎక్కించి ‘అన్నీ సరిగ్గా ఉన్నాయా?’ అని అడగకండి. నూటికి తొంభైసార్లు చాలా మర్యాదగా ‘ఉన్నాయి’ అంటుంది. మా ఆఫీసులో మొదటి నెలలో జరిగింది వినండి. ఒక ఇన్‌వాయిస్‌లో ఒక లైను 1,200 పీసులు, రేటు 2.35 డాలర్లు. దాని ముందు సప్లయర్ టైపు చేసిన మొత్తం 2,850. నిజానికి గుణిస్తే 2,820 రావాలి. మేము ఏఐని లైన్ల వారీగా అంకెలు తీసి ఇవ్వమన్నాం. అది 2,820 అని తీసి ఇచ్చింది. అంటే కాగితం మీదున్న తప్పుని మాకు చెప్పకుండానే దిద్దేసింది! చూడ్డానికి అన్నీ చక్కగా కలిశాయి. మా దగ్గర పాత అలవాటు ఒకటుంది, ఇన్‌వాయిస్ మొత్తాన్ని చేత్తో కూడడం. దాంతో దొరికింది. దొరక్కపోతే బిల్ ఆఫ్ ఎంట్రీలో ఒక మొత్తం, బ్యాంకు నుంచి సప్లయర్‌కి వెళ్లింది ఇంకో మొత్తం. దిగుమతి చెల్లింపులని చూసే ఆర్‌బీఐ వాళ్ల ఐడీపీఎంఎస్‌లో బిల్ ఆఫ్ ఎంట్రీకీ పంపిన డబ్బుకీ లంకె ఉంటుంది కాబట్టి ఆరు నెలల తర్వాత బ్యాంకు నుంచి ఫోను వస్తుంది, అప్పుడు ఫైలు వెతుక్కోవాలి.

అస్సలు చదవలేకపోతే చెప్పేస్తుంది, అది సమస్య కాదు. ఉన్నది కాకుండా ‘ఉండాల్సింది’ చదివితేనే ప్రమాదం. మసకగా ఉన్న స్కాన్‌లో కంటైనర్ నంబరు ఒక అంకె కనపడకపోతే పక్క కాగితం చూసి నింపేస్తుంది. రెండు కాగితాలూ కలుస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి దాన్ని పెట్టుకుంటే, అది రెంటినీ కలిపేసి కూర్చుంటుంది.

అందుకని మేము పనిని రెండు ముక్కలు చేశాం. చదవడం ఏఐ పని, పోల్చడం ఎక్సెల్ పని. ఒక్కో కాగితాన్ని విడివిడిగా, కొత్త చాట్‌లో ఇస్తాం. ప్యాకింగ్ లిస్టు చదివేటప్పుడు దాని ముందు ఇన్‌వాయిస్ ఉండకూడదు. అడిగేది ఇలా ఉంటుంది: ‘ఈ కాగితంలో ఉన్నది ఉన్నట్టు పట్టికగా రాయి. లెక్కలు చేయొద్దు, తప్పులు దిద్దొద్దు, పొట్టి పదాలని పెంచి రాయొద్దు. ప్రతి విలువా ఏ పేజీలో ఉందో రాయి. కనపడకపోతే కనపడలేదు అని రాయి.’ ఆ పట్టికని ఎక్సెల్‌లో అతికిస్తాం. ఇన్‌వాయిస్ ఒక కాలమ్, ప్యాకింగ్ లిస్టు ఒకటి, బీఎల్ ఒకటి, చెక్‌లిస్ట్ ఒకటి. పక్కన మామూలు ఫార్ములా ఉంటుంది, సమానమా కాదా అని. ఎక్సెల్‌కి మొహమాటం లేదు, 412కీ 421కీ తేడా ఉంటే ఎర్రగా చూపిస్తుంది. ఎర్రగా ఉన్న గడుల్ని మాత్రం మనిషి అసలు కాగితం తెరిచి చూస్తాడు. కంటైనర్ నంబరు, సీల్ నంబరు, ఇన్‌వాయిస్ మొత్తం, కార్టన్ల సంఖ్య, గ్రాస్ వెయిట్ ఈ అయిదింటినీ పచ్చగా వచ్చినా సరే కళ్లతో చూస్తాం. అది నేను పెట్టిన రూలు. పిల్లలకి విసుగే, అయినా చేస్తారు.

ఏడాదికి పన్నెండు కంటైనర్లంటే మీకు ఈ పని నెలకి ఒకసారి, ఒక గంట.

పట్టికలో ఏముండాలి? మామూలువన్నీ మీ సీహెచ్‌ఏ చెప్తాడు. హైదరాబాద్ వాళ్లు మరిచిపోయేవి రెండు చెప్తాను. ఒకటి బీఎల్‌లో ‘ప్లేస్ ఆఫ్ డెలివరీ’. సరుకు సనత్‌నగర్ ఐసీడీకో (రేవుకి దూరంగా ఉండే కంటైనర్ డిపో) తిమ్మాపూర్ ఐసీడీకో రావాలంటే ఆ మాట బీఎల్‌లో ఉండాలి. లేకపోతే కంటైనర్ నవషేవాలోనో చెన్నైలోనో దిగి అక్కడే కూర్చుంటుంది. రెండోది ఫ్రీ డేస్, అంటే కంటైనర్‌కి డిటెన్షన్ పడని రోజులు. మెయిల్‌లో పద్నాలుగు రోజులు ఒప్పుకొని బీఎల్‌లో ఏమీ రాయకపోతే తర్వాత ఎవరూ వినరు. కన్సైనీ (సరుకు అందుకునేవారు) పేరు, అడ్రస్ ఐఈసీలో (ఇంపోర్టర్ కోడ్ రిజిస్ట్రేషన్) ఉన్నట్టే ఉన్నాయా అన్నది కూడా ఏఐ బాగా పడుతుంది. షాపు మారినవాళ్లు జీఎస్‌టీలో అడ్రస్ మార్చి ఐఈసీలో వదిలేస్తుంటారు.

అంకెలు రాసే పద్ధతి దగ్గర జాగ్రత్త. మీకు చైనా సరుకే కాబట్టి తేదీల గొడవ తక్కువ, వాళ్లు సంవత్సరం ముందు రాస్తారు. యూరప్ నుంచి మెషిన్లు తెప్పించేవాళ్లు చూడండి. ఒక ఇటలీ ప్యాకింగ్ లిస్టులో 1.250 కేజీ అని ఉంటే అది పన్నెండు వందల యాభై కిలోలు, వాళ్లకి వేల దగ్గర చుక్క, పైసల దగ్గర కామా. మా ఏఐ దాన్ని కిలోంబావుగా చదివి పట్టికలో పెట్టింది. బీఎల్‌తో తేడా ఎర్రగా కనిపించింది కాబట్టి సరిపోయింది. 

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలవాళ్లు పశ్చిమ ఆఫ్రికా నుంచి పచ్చి జీడిగింజలు తెప్పిస్తారు, కొంత సరుకు మా రేవుకే వస్తుంది. ఐవరీ కోస్ట్, బెనిన్ నుంచి వచ్చే కాగితాలు ఫ్రెంచ్‌లో ఉంటాయి. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకుకి చీడపీడలు లేవనే కాగితం) ఫ్రెంచ్‌లో, దాని మీద రబ్బరు ముద్ర, ముద్ర కింద చేతిరాత. ఒకప్పుడు కాలమ్ హెడింగులు అర్థం కాక గ్రాస్ ఏదో నెట్ ఏదో ఊహించుకుని రాసేవాళ్లం. ఇప్పుడు ఏఐ ఒక్క నిమిషంలో తెలుగులో చెప్తుంది. ఫ్యూమిగేషన్ (పురుగుల మందు పొగ పెట్టడం) తేదీ లోడింగ్ తేదీ కంటే తర్వాత ఉంటే అదీ చెప్తుంది. ఆ ఒక్క పనికే నెల చందా గిట్టిందని నా లెక్క.

ధర విషయంలో అది పనికొచ్చే చోటు ఒకటుంది, ఇన్‌కోటర్మ్, అంటే ధరలో ఏయే ఖర్చులు కలిశాయో చెప్పే షరతు. ఇన్‌వాయిస్ మీద ఎఫ్‌ఓబీ (ఓడ చార్జీ కలపని ధర) అని ఉందా, సీఐఎఫ్ (ఓడ చార్జీ, ఇన్సూరెన్స్ కలిపిన ధర) అని ఉందా, బీఎల్ మీద ఫ్రైట్, అంటే ఓడ చార్జీ, ప్రీపెయిడా (అక్కడే కట్టారా) కలెక్టా (ఇక్కడ కట్టాలా), ఇవి ఒకదానితో ఒకటి పొసగాలి. ఎఫ్‌ఓబీ ఇన్‌వాయిస్‌కి ఫ్రైట్ రుజువు లేకపోతే వాల్యుయేషన్ రూల్స్ ప్రకారం ఎఫ్‌ఓబీ విలువలో 20 శాతం ఫ్రైట్‌గా, 1.125 శాతం ఇన్సూరెన్స్‌గా కలుపుతారు. మీ సరుకు ఎఫ్‌ఓబీ 10,000 డాలర్లు, అసలు ఫ్రైట్ 900 డాలర్లు అనుకుందాం. ఫార్వర్డర్ (ఓడలో చోటు బుక్ చేసే ఏజెంటు) బిల్లు సమయానికి చేతికి రాకపోతే 900 బదులు 2,000 కలుస్తుంది. ఎక్కువైన 1,100 డాలర్ల మీద, బేసిక్ డ్యూటీ 10 శాతం, దాని మీద పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్, 18 శాతం ఐజీఎస్‌టీ అనుకుంటే మొత్తం 30.98 శాతం పడుతుంది. అంటే దాదాపు 341 డాలర్లు. డాలర్ 85 రూపాయలు వేసుకుంటే సుమారు 29,000. ఐజీఎస్‌టీ క్రెడిట్ వస్తుంది, కానీ మిగతా 121 డాలర్లు, అంటే పదివేల పైచిలుకు, మీ జేబులోంచి పోయినట్టే. ‘ఎఫ్‌ఓబీ ఉంది, ఫ్రైట్ ఇన్‌వాయిస్ లేదు’ అని ఓడ నీళ్ల మీద ఉండగానే గుర్తుచేసే పని ఏఐకి అప్పజెప్పొచ్చు.

కానీ ‘ఈ ధర తక్కువ కాదా’ అని దాన్ని అడగకండి. దానికి మీ మార్కెట్ తెలియదు.

ఇక హెచ్‌ఎస్ కోడ్, అంటే డ్యూటీ ఎంతో తేల్చే వస్తువు నంబరు. ఇక్కడ మాత్రం ఏఐ మాట నమ్మకండి. మీ సరుకు లైట్లే కాబట్టి మీ ఉదాహరణే తీసుకుంటాను. ఎల్‌ఈడీ బల్బు కోడ్ చెప్పమంటే మా దగ్గర అది 8539 50 అని ధీమాగా చెప్పింది. అది 2017 నాటి హెచ్‌ఎస్‌లో సరైనదే. 2022 ఎడిషన్‌లో ఆ సబ్‌హెడింగ్ తీసేసి 8539 51 మాడ్యూళ్లకీ, 8539 52 బల్బులకీ పెట్టారు. ఇంటర్నెట్‌లో పాత కోడే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి అది పాతదే చెప్తుంది. మీ సప్లయర్ ఇన్‌వాయిస్ మీద కూడా పాతదే ఉండొచ్చు, వాళ్ల టెంప్లేట్ ఎవరూ మార్చి ఉండరు. ఇంకోసారి పది అంకెల కోడ్ ఇచ్చింది, తీరా చూస్తే అది అమెరికా టారిఫ్. మొదటి ఆరు అంకెలే అన్ని దేశాలకీ ఒకటి, ఆ తర్వాత ఎవరివి వాళ్లవి, మనకి ఎనిమిది. ఈసారి 2028 జనవరి 1 నుంచి మళ్లీ కొత్త ఎడిషన్ వస్తోంది, అప్పుడు ఈ గందరగోళం ఇంకోసారి చూస్తాం.

పైగా అసలు ప్రశ్న కోడ్ కాదు, వస్తువు ఏమిటన్నది. సీలింగ్‌కి బిగించే ప్యానెల్ లైట్ అయితే అది ఫిట్టింగ్, 9405కి పోతుంది. విడి బల్బు 8539. డ్రైవర్లు, అంటే లైటుకి కరెంటు మార్చి ఇచ్చే భాగాలు, విడిగా పెట్టెలో వస్తే 8504. ఒకే కంటైనర్‌లో మూడూ ఉంటాయి, ఇన్‌వాయిస్ మీద మాత్రం మూడింటికీ ‘ఎల్‌ఈడీ లైట్’ అనే ఉంటుంది. నేతిబీరకాయలో నెయ్యి లాంటి వర్ణన అది. దాన్ని చూసి కోడ్ చెప్పమంటే ఏఐ అయినా నేనైనా ఏం చెప్తాం?

ఇక్కడ ఏఐని వాడాల్సిన తీరు వేరు. కోడ్ అడగకుండా, సప్లయర్ క్యాటలాగ్ ఇచ్చి ప్రతి మోడల్‌కీ వివరాలు పట్టికగా రాయించండి: ఫిట్టింగా బల్బా, ఎన్ని వాట్లు, డ్రైవర్ లోపలుందా బయటుందా, బ్రాండు, మోడల్ నంబరు, ఎక్కడ బిగిస్తారు. క్యాటలాగ్‌లో లేనిది ‘లేదు’ అని రాయమనండి. లేనివాటిని సప్లయర్‌ని అడగండి. ఆ పట్టికతో సీహెచ్‌ఏ దగ్గరకి వెళ్తే టారిఫ్‌లోని చాప్టర్ నోట్స్ చూసి కోడ్ పెట్టడం పది నిమిషాల పని.

ఆ వివరాలే బిల్ ఆఫ్ ఎంట్రీలో వర్ణనగా పడితే ఇంకో లాభం ఉంది. 2020 నుంచి అసెస్‌మెంట్ (డ్యూటీ తేల్చడం) ఫేస్‌లెస్ అయింది. మీ సరుకు హైదరాబాద్‌లో ఉంటుంది, చూసే ఆఫీసర్ ఇంకెక్కడో ఊళ్లో ఉంటాడు. మునుపటిలా శాంపిల్ పట్టుకుని వెళ్లి ‘ఇదీ సార్ వస్తువు’ అని చూపించే వీల్లేదు. ఆయనకి కనిపించేది మీరు రాసిన రెండు లైన్లూ, ఈ-సంచిత్‌లో ఎక్కించిన పీడీఎఫ్‌లూ. ఆ రెండు లైన్లలో అర్థం కాకపోతే క్వెరీ వేస్తాడు. జవాబు రాయడం, మళ్లీ ఆయన చూడడం, రోజులు పోతాయి. క్వెరీకి జవాబు డ్రాఫ్ట్ చేయడానికి కూడా ఏఐ బాగానే ఉంటుంది. మావాళ్ల ఇంగ్లిష్ కంటే నయం. కానీ పంపేముందు ఒకసారి చదవండి. అడగని విషయాలు కూడా చెప్పేసి కొత్త క్వెరీకి దారి తీసిన జవాబు ఒకటి నా చేతుల మీదుగానే వెళ్లింది.

బీఐఎస్ (నాణ్యత ప్రమాణాల సంస్థ) దగ్గర ఇంకో రకం ప్రమాదం. ఎల్‌ఈడీ బల్బులు, లుమినేర్లు (లైట్ ఫిట్టింగులు), డ్రైవర్లు కంపల్సరీ రిజిస్ట్రేషన్‌లో ఉన్నాయని మీకు తెలుసు. ఆ రిజిస్ట్రేషన్‌కి వచ్చే ఆర్-నంబరు ఒక ఫ్యాక్టరీకీ ఒక బ్రాండుకీ ఇచ్చేది. ఏఐకి సర్టిఫికెట్, ఇన్‌వాయిస్ ఇచ్చి చూడమంటే నంబర్లు కలిశాయని చెప్తుంది. నిజమే, కలుస్తాయి. కానీ ఇన్‌వాయిస్ ఇచ్చింది ట్రేడింగ్ కంపెనీ. సరుకు ఏ ఫ్యాక్టరీలో తయారైందో ఎక్కడా లేదు. మా కస్టమర్ ఒకరికి ఇలాగే జరిగింది. కాగితాలన్నీ చక్కగా కలిశాయి, కస్టమ్స్ ఎగ్జామినేషన్‌లో పెట్టె మీద ఇంకో తయారీదారు పేరు ఉంది. కాగితం కాగితంతో కలవడం వేరు, సరుకుతో కలవడం వేరు అని మొదట్లో అన్నది ఇందుకే. దీనికి మందు, లోడింగ్‌కి ముందు కార్టన్ నాలుగు వైపులా, లోపలి పెట్టె మీద లేబుల్ ఫొటోలు తెప్పించుకోవడం. ఆ ఫొటోల మీది అక్షరాలని ఏఐతో చదివించి అదే ఎక్సెల్‌లో ఇంకో కాలమ్‌గా పెట్టండి. ఎమ్మార్పీ, ఇంపోర్టర్ పేరు, అడ్రస్ లాంటి లీగల్ మెట్రాలజీ వివరాలు కూడా ఆ ఫొటోల్లోనే చూసుకోవచ్చు.

రాయితీ ఒప్పందాల కింద తెప్పించేవాళ్లకి ఒక్క మాట. వియత్నాం, మలేషియా లాంటి ఆసియాన్ దేశాల నుంచి తక్కువ డ్యూటీకి తెస్తుంటే ఆరిజిన్ సర్టిఫికెట్‌లో (సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పేది) గడులన్నీ నిండాయా, థర్డ్ పార్టీ ఇన్‌వాయిస్ అయితే ఆ గడిలో టిక్ ఉందా అని ఏఐ చూడగలదు. కానీ 2020 సెప్టెంబరు నుంచి కరోటార్ అనే ఆరిజిన్ నియమాల ప్రకారం ఆ వస్తువు అక్కడే తయారైందని చూపించే సమాచారం ఇంపోర్టర్ దగ్గర ఉండాలి, అయిదేళ్లు దాచాలి. అది సప్లయర్‌ని అడిగి తెచ్చుకోవాల్సింది, ఏఐ రాసిచ్చేది కాదు. రాసివ్వమంటే రాసిస్తుంది కూడా! ఆ పని మాత్రం చేయకండి.

ఎందుకంత భయం అంటే, బాధ్యత మీది కాబట్టి. 2011 నుంచి మనది సెల్ఫ్ అసెస్‌మెంట్, ఇంపోర్టరే తన డ్యూటీ లెక్క చెప్పాలి. సెక్షన్ 46(4ఏ) ప్రకారం ఇచ్చిన సమాచారం సరైనదీ పూర్తిదీ అని, కాగితాలు అసలైనవీ చెల్లేవీ అని చూసుకోవాల్సింది ఇంపోర్టర్. డ్యూటీ తక్కువ పడితే మామూలుగా రెండేళ్ల వరకూ, కావాలని దాచారని తేలితే అయిదేళ్ల వరకూ వెనక్కి వెళ్లి నోటీసు ఇవ్వొచ్చు, వడ్డీ 15 శాతం. ‘ఏఐ చెప్పింది సార్’ అన్న జవాబుకి ఆ నోటీసులో చోటు లేదు. సీహెచ్‌ఏ మీద వేసినా పూర్తిగా తప్పించుకోలేరు, మా లైసెన్సు గొడవలు మాకుంటాయి, మీ డ్యూటీ డిమాండు మీకుంటుంది. తర్వాత మీకే తప్పు కనిపిస్తే, 2025 ఫైనాన్స్ చట్టంతో 18ఏ అని కొత్త సెక్షన్ వచ్చింది, సరుకు బయటికొచ్చాక కూడా ఇంపోర్టర్ తనంతట తాను ఎంట్రీ సవరించుకునే దారి అది. షరతులున్నాయి, సీహెచ్‌ఏతో మాట్లాడి చేయండి. పాత ఫైళ్లని తీరిక ఉన్నప్పుడు ఏఐతో ఒకసారి చదివించుకోవడానికి ఇది మంచి కారణం.

గుట్టు సంగతి. మీ కొనుగోలు ధర, సప్లయర్ పేరు ట్రూప్ బజార్‌లో పక్క షాపుకి తెలిస్తే మీ వ్యాపారం ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఉచిత ‘ఇన్‌వాయిస్ చెకర్’ వెబ్‌సైట్లలో పేపర్లు ఎక్కించకండి. డబ్బు కట్టి వాడే ఏదో ఒక ఏఐ తీసుకోండి, సెట్టింగుల్లో మీ డేటాతో శిక్షణ ఇచ్చుకోవద్దు అనే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. బ్యాంకు అకౌంట్ నంబరు ఉన్న భాగం మూసేసి స్కాన్ చేసినా పోల్చే పనికి అడ్డం రాదు. అకౌంట్ నంబరు మాత్రం ప్రతిసారీ పాత ఇన్‌వాయిస్‌తో మీరే కళ్లతో పోల్చుకోండి. ‘మా బ్యాంకు మారింది, ఈ అకౌంట్‌కి పంపండి’ అని సప్లయర్ మెయిల్ నుంచే వచ్చే మోసాలు బాగా ఎక్కువయ్యాయి. అలా వస్తే వీడియో కాల్ చేసి, మీకు తెలిసిన మొహంతో మాట్లాడాకే డబ్బు పంపండి.

ఆఖరిది, ఆ సాఫ్ట్‌వేర్. పేరు చెప్పలేదు కాబట్టి దాని మీద నా అభిప్రాయం ఏమీ లేదు. నెలకి ఒక కంటైనర్‌కి పైన చెప్పిన ఎక్సెల్ పద్ధతే చాలు అన్నది నా ఉద్దేశం. నెలకి నలభై యాభై బిల్స్ ఆఫ్ ఎంట్రీ వేసే మాలాంటి వాళ్లకి లెక్క వేరు. అయినా తీసుకోవాలనిపిస్తే అమ్మే ఆయన్ని డెమో చూపించమనకండి, డెమోలో కాగితాలు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి. మీ పాత ఫైళ్లు మూడు ఇవ్వండి. ఒకటి తప్పు లేనిది. ఒకటి పోయినసారి తొమ్మిది రోజులు ఆగిన ఫైలు, తప్పు ఎక్కడుందో చెప్పకుండా. మూడోదాంట్లో మీరే కంటైనర్ నంబరు ఒక అంకె మార్చి, కొంచెం వంకరగా ఫోన్లో ఫొటో తీసి ఇవ్వండి. రెండు తప్పులూ పట్టుకుని, మొదటి ఫైలులో లేని తప్పులు చూపించకపోతే అప్పుడు ధర మాట్లాడండి. మేము ఇద్దరు అమ్మకందార్లకి ఇదే పరీక్ష పెట్టాం. ఒకాయన ఫైళ్లు తీసుకెళ్లి మళ్లీ ఫోను చేయలేదు. రెండో ఆయన సాఫ్ట్‌వేర్ కార్టన్ల తేడా పట్టుకుంది, మార్చిన అంకె పట్టుకోలేదు. ఆయన నిజాయితీగా ఒప్పుకుని, ఆర్నెల్ల తర్వాత మళ్లీ వస్తానన్నాడు. ఆ ఫైలు అలాగే పక్కన పెట్టి ఉంచాను.